బండి గొయ్యి మీద ఉన్నంతసేపు

నేను విన్న చప్పుడు నిజమేనని తేలింది. తేలినందుకు సంతోషించాలి, కానీ సంతోషం రాలేదు. మెకానిక్ బండి ముందుభాగాన్ని జాకీల మీద లేపి, కింద ఉన్న గోతిలోకి దిగి, చెయ్యంత పొడవున్న ఇనుప కడ్డీని ఏదో సందులో దోపి ఒక్కసారి ఎగదోశాడు, టక్. ఇన్ని నెలలుగా గతుకు వచ్చినప్పుడల్లా నా పాదాల కింద వినపడిన అదే టక్, ఇప్పుడు బండి కదలకుండా నిలబడి ఉండగానే, రేకుల షెడ్డు మొత్తానికీ వినపడింది. గోతి అంచున వంగి చూస్తున్న నా కోడలు తల తిప్పి, మీరే గెలిచారన్నట్టు కనుబొమలు ఎగరేసింది. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఏదో పాత బండిలోంచి పీకిన వెనక సీటును గోడకి ఆనించి వేశారు ఇక్కడ. దాని స్ప్రింగులు ఒకవైపు కుంగిపోయాయి, కూర్చున్న మనిషి తెలియకుండానే అటు జారుతుంది. నేను జారినప్పుడల్లా మళ్ళీ ఇటు జరుగుతున్నాను. ఒంట్లో ఓపిక లేనప్పుడు ఇది కూడా ఒక పనే. ఇంటినిండా ఉన్న సామాను మూటలు కట్టడంలో వారంగా నడుం వంగిపోయింది, నిద్ర లేదు, కళ్ళు మూస్తే ఏదో ఒకటి మరిచిపోయాననిపిస్తుంది, కళ్ళు తెరిస్తే అదేమిటో గుర్తు రాదు.

రేపు పొద్దున్నే బయలుదేరాలి. కోడలికి కొండల్లో ఉన్న ఊరికి బదిలీ అయింది. సామానంతా నిన్న లారీలో వెళ్ళిపోయింది. ఇంట్లో ఇప్పుడు రెండు చాపలు, ఒక గిన్నె, గోడల మీద పటాలు తీసేసిన చోట తెల్లటి మచ్చలు మిగిలాయి. నా పెట్టె మాత్రం లారీ ఎక్కలేదు. "అది మన బండిలో పెడదాం అత్తయ్యా" అంది. ఎందుకని నేను అడగలేదు. కొండల ఊరికి పోయే దారి మా అబ్బాయి ఉండే ఊరి మీదుగానే పోతుంది. వాడూ కోడలూ విడిపోయారు, కాగితాల మీద కూడా విడిపోయారు, పిల్లలు లేరు. వాడు వెళ్ళిపోయాడు, నేను కోడలి దగ్గర ఉండిపోయాను. ఉండిపోవాలని ఎవరూ అనుకోలేదు, ఎవరూ వద్దనలేదు, అంతే. ఇప్పుడు నాకు తెలియనిది ఒక్కటే. రేపు ఆ ఊళ్ళో బండి ఆగినప్పుడు నేను దిగి, పెట్టె దింపుకుని, అక్కడే ఉండిపోవాలా, లేక అన్నం తిని మళ్ళీ ఎక్కి కొండలదాకా పోవాలా. మొన్న ఫోన్లో కోడలు వాడితో అన్నది విన్నాను. "ఆ దారినే వస్తాం. మధ్యాహ్నానికి అక్కడ ఉంటాం." తర్వాత వాడేదో అన్నాడు, ఈమె ఊఁ కొట్టింది. ఆ ఊఁ దేనికో నాకు తెలియదు. ఒక్క మాట అడిగితే తేలిపోతుంది. అడిగితే జవాబు వస్తుంది కదా, అదీ నా భయం.

గోతిలోంచి మెకానిక్ తల బయటికి వచ్చింది, భుజాలదాకా. అతనికి మేమిద్దరం పెట్టుకున్న పేరు లాయరు. బండి తెచ్చినవాళ్ళని బోనెక్కించినట్టే ప్రశ్నలు వేస్తాడు. పొద్దున రాగానే మొదలుపెట్టాడు. చప్పుడు ఎప్పట్నించి, ఎక్కేటప్పుడా దిగేటప్పుడా, బ్రేకు కొడితే స్టీరింగు ఏ పక్కకి లాగుతోంది, టైరు లోపలి అంచు ఎప్పట్నించి అరుగుతోంది. కోడలు తడుముకుంటూ ఉంటే నేను ఈ సీటు మీద కూర్చునే జవాబులు అందించాను. ఆగాక కాదు బాబూ, ఆగబోయేముందు. చల్లటి పొద్దున ఎక్కువ, ఎండెక్కాక తక్కువ. ఎడమవైపు ముందు, తర్వాత కుడివైపు కూడా.

"బండి మీరు నడుపుతారా పెద్దమ్మగారూ?"

"లేదు నాయనా. కూర్చుని భయపడతాను."

"అయితే మీరే అసలు సాక్షి" అన్నాడు.

కోడలు నవ్వింది. "ఈవిడకి గాలి వీచినా చప్పుడేనండీ. ఫ్రిజ్జు ఆగితే లేచి కూర్చుంటారు. అందుకే నేను నమ్మలేదు." అది నిజమే. ఫ్రిజ్జు మోగుతున్నంతసేపు నాకు నిద్ర పడుతుంది, ఆగితే మెలకువ వస్తుంది. ఏదైనా సరే నడుస్తున్నంతసేపు ఫరవాలేదు, ఆగిందంటే ఎవరో వెళ్ళిపోయారనిపిస్తుంది. ఇంత వయసొచ్చాక మార్చుకునే గుణం కాదు.

పాడైన బుష్షు ఎలా ఉంటుందో రమ్మని చూపించాడు కోడలికి. నాకు కూడా వినపడాలని గొంతు పెంచి చెప్పాడు. బుష్షంటే ఇనుముకి ఇనుము తగలకుండా నడుమ పెట్టే రబ్బరు ముద్దట. బయట ఒక ఇనుప గొట్టం, లోపల వేలు పట్టేంత ఇంకో గొట్టం, రెంటి మధ్యా అతుక్కుని రబ్బరు. చక్రాన్ని పట్టుకుని ఉండే ఇనుప చెయ్యి ఒకటి ఉంటుంది, చక్రం గతుకులో పడితే ఆ చెయ్యి లేస్తుంది, దిగుతుంది, దానితోపాటు రబ్బరు కొంచెం మెలితిరిగి మళ్ళీ తన చోటికి వస్తుంది. రబ్బరు చిరిగితే చెయ్యి తన చోట నిలవదు, చక్రం తన ఇష్టం వచ్చినట్టు పోతుంది. "కొండ దారిలో వంపుకో పక్కకి లాగుతుందమ్మా, దీంతో వెళ్ళొద్దు" అన్నాడు. టార్చి వెలుగులో కోడలి ముఖం కిందినుంచి పసుపుగా కనపడింది. అలసిపోయింది పిల్ల. పిల్ల అంటున్నాను కానీ చెవుల దగ్గర జుట్టు నెరిసింది. నేనొక్కదాన్నే చూశాను ఆ నెరుపు మొదలవడం. కొన్ని విషయాలు పక్కన కూర్చుని ప్రయాణం చేసేవాళ్ళకే కనపడతాయి. డ్రైవింగు చేసేటప్పుడు మనిషి ఒక వైపే మనకి కనపడుతుంది, అన్నేళ్ళు అదే చెవి, అదే చెంప.

కొత్త బుష్షుల అట్టపెట్టె విప్పబోతూ లాయరు దాన్ని దూరం పెట్టాడు, దగ్గర పెట్టాడు, కళ్ళు చిట్లించాడు. "ఇది కుడిదా ఎడమదా, చీమ తలకాయంత రాస్తారు వెధవలు." కోడలు దాన్ని తీసుకుని సరాసరి నా చేతిలో పెట్టింది. "చదవండి అత్తయ్యా. ఈవిడ చదువుతారండీ, ఎంత చిన్నదైనా." చదివాను. ఎడమ, ముందు, కింద. అతను ముక్కు మీద వేలేసుకున్నాడు. నాకు చిన్నక్షరాలంటే జంకు లేదు. నేను చదువుకున్నదే అలా. మా ఆయన కళ్ళజోళ్ళ కొట్లో అద్దాలు సాన పట్టే పని చేసేవారు. పాడైన కంటి పరీక్ష అట్టలు ఇంటికి తెచ్చేవారు, పొయ్యి రాజేసుకోవడానికి పనికొస్తాయని. పైన చెయ్యంత అక్షరం ఒకటి, దాని కింద రెండు, ఇంకా కింద వరుసంతా, అట్ట అడుగుకి వచ్చేసరికి నువ్వుగింజలు. నేను పొయ్యిలో పెట్టకుండా గోడకి కొట్టుకున్నాను. పెద్దది ఏమిటో ఆయన్ని అడిగి తెలుసుకోవడం, అదే అక్షరాన్ని కింద చిన్నగా వెతికి పట్టుకోవడం. చదువంటే అక్షరాలు చిన్నవవుతూ పోవడమే కాబోలనుకున్నాను చాలాకాలం. వాటిని పక్కపక్కన పెడితే మాటవుతుందని తర్వాత, కళ్ళజోళ్ళు చుట్టే కాగితాల మీద తెలిసింది. అప్పట్నించీ ఏది కనపడితే అది చదివాను, మందు సీసాలు, బస్సు టిక్కెట్ల వెనకవైపు, అద్దెకిచ్చే నవలలు, ఈ బండితోపాటు వచ్చిన లావుపాటి పుస్తకం కూడా. చదివితే భయం తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు, కాకపోతే దేనికి భయపడాలో పేరు తెలిసింది. ఆసుపత్రిలో ఆఖరున ఆయన కళ్ళజోడు తెమ్మన్నారు. ఇంటికెళ్ళి తెచ్చాను. తెచ్చేసరికి పెట్టుకునే మనిషి లేరు. ఆ జోడు చాలా రోజులు నా చేతిలోనే ఉండిపోయింది, ఎక్కడ పెట్టాలో తెలియక. దేన్నో చూడాలనే కదా అడిగారు, దేన్నో. నన్నేనా అని అడగడానికి కూడా లేదు.

షెడ్డు ముందునుంచి ఎవరో బండి వెనక్కి తీసుకుంటున్నారు, పీ పీ మంటూ. వెనక్కి పోయే బండిని నేను చూడలేను. చిన్నప్పుడు అన్నీ వెనక్కే పోయాయి. మా నాన్న వంతెనలు కట్టే పనివాడు. నది ఒడ్డున గుడిసెలు వేస్తారు, అక్కడే నాకు స్నేహితురాళ్ళు దొరుకుతారు, నేనొక కుక్కపిల్లకి పేరు పెడతాను, ఈలోగా వంతెన పూర్తవుతుంది. వంతెన పూర్తయితే అందరికీ ఆనందం, మాకు ప్రయాణం. లారీ వెనక, మూటల మీద కూర్చోబెట్టేది మా అమ్మ నన్ను. అక్కడ కూర్చుంటే ముందు ఏముందో కనపడదు, విడిచిపెట్టినవే కనపడతాయి, కుక్కపిల్ల కొంతదూరం పరుగెత్తి ఆగిపోవడం, దుమ్ములో చెయ్యి ఊపుతున్న ఎవరో పిల్ల చెయ్యి ఊపడం మానేసి ఇంటివైపు తిరగడం. వాళ్ళు ఎప్పుడు తిరుగుతారా అని చూసేదాన్ని. మనం కనుమరుగయ్యేదాకా ఎవరూ నిలబడరు, కొంచెం ముందే తిరుగుతారు, వాళ్ళకి పనులుంటాయి. అందులో తప్పు లేదని ఇప్పుడు తెలుసు. తెలిసినా, ఎవరైనా వెళ్తుంటే నేను మాత్రం మలుపు తిరిగిందాకా నిలబడతాను, మలుపు తిరిగాక కూడా కాసేపు.

మా అబ్బాయి వెళ్ళినప్పుడూ నిలబడ్డాను. పోట్లాట జరగలేదు, గిన్నెలు విరగలేదు. వాడు ఒక సంచీతో బస్సుకి వెళ్ళాడు. బండి తాళం ఫ్రిజ్జు మీద పెట్టి, "ఉంచుకోండి" అన్నాడు, ఎవరితో అన్నాడో తెలియకుండా, ఫ్రిజ్జుతో అన్నట్టు. అక్కడ ఇంకొకరున్నారని, ఆమెకో బిడ్డ ఉందని తర్వాత తెలిసింది. వాడు చెడ్డవాడు కాదు, నాకు తెలియదా. ఫోన్లో ప్రతిసారీ అంటాడు, "నీకో గది ఉందమ్మా, గాలీ వెలుతురూ వస్తాయి" అని, వాడి గొంతు వెనక టీవీ మోగుతూ ఉంటుంది, ఎవరో చిన్నపిల్ల నవ్వుతుంది. ఆ గదిని నేను చాలాసార్లు ఊహించుకున్నాను. మంచం, కిటికీ, కిటికీలోంచి రోడ్డు. అన్నం వేళకి తలుపు తట్టి పిలుస్తారు. మర్యాదగా పిలుస్తారు. అందులో నేను రోజంతా మర్యాదగా కూర్చుంటాను. కన్నకొడుకు ఇల్లు, ఎవరేమంటారు. కోడలి ఇంట్లో ఉంటేనే అంటారు. పక్కింటావిడ గోడ మీదనుంచి అడగనే అడిగింది, "విడాకులయ్యాక కూడా ఆవిడ మీకు కోడలేనా పిన్నిగారూ, లేక ఇప్పుడు ఇంటి ఓనరా?" అని. కోడలు లోపల్నించే జవాబిచ్చింది. "ఓనరునే ఆంటీ. అద్దె బదులు చారు పెట్టించుకుంటున్నాను." అప్పుడు నవ్వుకున్నాం. తర్వాత నేనొక్కదాన్నే ఆ ప్రశ్న గురించి చాలాసేపు ఆలోచించాను. మా ఇద్దరికీ ఉన్న చుట్టరికం వాడిలోంచి వచ్చింది, వాడు మధ్యలోంచి లేచిపోయాడు. పేరుకి మిగిలినవి రెండు పిలుపులు, అత్తయ్యా, అమ్మాయ్. పిలుపుకి మనిషిని నిలబెట్టే బలం ఉంటుందా. కొత్త ఊళ్ళో కొత్తవాళ్ళు ఈవిడెవరని అడిగితే ఆమె ఏం చెప్పాలి. ఎన్నిసార్లు చెప్పాలి. ఆమె వయసుకి ఇంకో మనిషి, ఇంకో ఇల్లు కుదరవచ్చు, కుదరాలి కూడా. అప్పుడు నేనెక్కడ.

గోతిలోంచి లాయరు ఒక బుష్షు పట్టుకుని పైకి వచ్చాడు, పన్ను పీకిన డాక్టరులా దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని. కోడలి ముఖం ముందు పెట్టి తిప్పాడు. రబ్బరు అంచు వెంట చంద్రవంకలా చీలి, లోపలి గొట్టం ఒకవైపుకి ఒరిగింది. "ఇవి ఎప్పుడో వేసినవి కావే. రబ్బరు ఇంకా మెత్తగానే ఉంది. ఇది ముసలిదై పోలేదమ్మా, మెలిపడి పోయింది. ఎవరో బండి గాల్లో ఉండగానే బోల్టు బిగించేశారు."

"బిగిస్తే?"

"బిగించకూడదు. బండి జాకీ మీద ఉన్నప్పుడు చక్రం కిందికి వేలాడుతుంది కదా, చెయ్యి కూడా కిందికే ఉంటుంది. అప్పుడు బిగిస్తే రబ్బరు అదే తన చోటనుకుంటుంది. దించాక బరువు పడి చెయ్యి పైకి లేస్తుంది. ఇక అప్పట్నించీ మెలిపడే ఉంటుంది. బండి నడవక్కర్లేదు, షెడ్డులో పెట్టి తాళం వేసినా సరే, దానికి సుఖం లేదు. ఎవరు చేశారమ్మా ఈ పని?"

చేసింది మా అబ్బాయి. కోడలికి తెలుసు, నాకు తెలుసు. ఆమె ఆ బుష్షును చేతిలోకి తీసుకుంది, చీలికలో గోరు పెట్టి చూసింది.

"తెలిసినతనే" అంది.

లాయరు ఇంక అడగలేదు. ఈ ఒక్కసారికి అడగలేదు. నాకు ఆ మాట చుట్టూ మనసు తిరుగుతోంది. తెలిసినతను. వాడికి ఆమె ఇవ్వగలిగిన పేర్లు చాలా ఉన్నాయి, నా ఎదుట ఏదీ ఇవ్వలేదు ఎప్పుడూ. ఆ రోజు నాకు బాగా గుర్తు, ఇంటి ముందు వీధిలోనే చేశాడు. సెలవు రోజు. ఫోన్లో వీడియో చూస్తూ, ఆపుతూ, మళ్ళీ చూస్తూ. కోడలు నేల మీద బోర్లా పడుకుని టార్చి పట్టుకుంది. "అటు కాదు, ఇటు" అని వాడు, "అటే పట్టాను, నీ తల అడ్డం" అని ఆమె. ఇద్దరి ముఖాలకీ మసి. వాడు మోచేత్తో చెమట తుడుచుకుని ముక్కు నల్లగా చేసుకుంటే ఆమె పడీపడీ నవ్వింది, టార్చి వెలుగు బండి కడుపంతా గెంతింది. నేను మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను. వాళ్ళిద్దరూ కలిసి నవ్వగా నేను చూసింది అదే ఆఖరు. వాడు ప్రతి నట్టూ గుడ్డతో తుడిచి పెట్టాడు, ఒక్కటీ కింద పడనివ్వలేదు. బండి దించకముందే గట్టిగా, చేతి నరాలు ఉబ్బేలా, ఇక ఎప్పటికీ వదులు కాకూడదన్నట్టు బిగించాడు. అంత శ్రద్ధగా చేశాడు. అది ఒక్కటే తెలియదు వాడికి, ముందు దించాలని. ఆ సాయంత్రం బండిలో ముగ్గురం తిరిగొచ్చాం, నున్నగా నడిచింది. అప్పటికే లోపల మెలిపడుతూ ఉందన్నమాట, మేము ఐస్‌క్రీం తింటూ కూర్చున్నప్పుడు కూడా. చప్పుడు రావడానికి మాత్రం చాలాకాలం పట్టింది. నేను ఇన్ని చప్పుళ్ళు వినేదాన్ని, ఆ ఇంట్లో రెండేళ్ళ కిందట, వాడు వెళ్ళిపోకముందు, ఏ చప్పుడూ వినలేదే. గది తలుపులు మెల్లగా మూసుకునేవి. మెల్లగా మూసుకునే తలుపులను మంచి అలవాటు అనుకున్నాను.

ఇనుప చెయ్యిని విప్పి బయటికి తీశాక అతను దాన్ని ప్రెస్సు కింద పెట్టాడు. పాత రబ్బరు గొట్టం ఎంతకీ దిగదు. మీట నొక్కుతాడు, ఆగుతాడు, మళ్ళీ నొక్కుతాడు. ఒక్కసారి పటుక్కుమని వదిలింది. తర్వాత దాని గూడు గరుకు కాగితంతో రుద్ది, వేలితో తడిమి చూసుకుని, కొత్త దానికి సబ్బునీళ్ళు రాశాడు. నూనె రాయకూడదట, నూనె రబ్బర్ని తినేస్తుందట. సబ్బు వాసన వచ్చింది, ఈ గ్రీజు వాసన నడుమ ఎవరో స్నానం చేసి వచ్చినట్టు. కోడలు వచ్చి నా పక్కన కూర్చుంది. సీటు ఆమె వైపు కుంగింది, నేను జారి ఆమె భుజానికి తగిలాను, ఈసారి ఇటు జరగడానికి ఓపిక లేకపోయింది. ఆమె తల గోడకి ఆనించి కళ్ళు మూసుకుంది.

"మందులు సర్దుకున్నారా?"

"సర్దాను."

"పెట్టెలో పెట్టకండి. చేతిసంచీలో పెట్టుకోండి."

ఎందుకు చేతిసంచీలో. దారిలో వేసుకోవడానికా, దిగేటప్పుడు మరిచిపోకుండానా. ఎటు తిప్పినా అర్థం కుదురుతోంది. నేను పక్కదారిన వెళ్ళాను.

"రేపు మధ్యాహ్నం భోజనం ఎక్కడమ్మాయ్?"

"మీ అబ్బాయి దగ్గరేగా. మిమ్మల్ని చూడాలన్నాడు."

"తర్వాత?"

ఆ మాట నా నోట్లోంచి వచ్చిందో రాలేదో నాకే తెలియదు, ఎందుకంటే అప్పుడే ప్రెస్సు మూలిగింది, ఆమె కళ్ళు తెరవలేదు. నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుంది. బదిలీ కాగితం వచ్చినప్పట్నించీ ఆమె ఇలా కూర్చున్నచోటే నిద్రపోతోంది. ఆఫీసులో అప్పగింతలు, ఇంట్లో మూటలు, ఇల్లుగలవాడితో వాదన, ఇప్పుడీ బండి. ఒక మనిషి దింపుకోగల బరువేదైనా ఉంటే అది నేనే. కొడుకు దగ్గర దింపితే లోకం మెచ్చుకుంటుంది, ఆమెకి పొద్దున్నే లేచి రెండో మనిషికి గంజి కాచే పని తప్పుతుంది, చీకట్లో ఎవరో నడుస్తున్నారని లేచి చూసే పని తప్పుతుంది. నేనే అనాలేమో. అమ్మాయ్, నన్ను వాడి దగ్గర దింపెయ్, అక్కడే ఉంటాను, నీకెందుకు శ్రమ అని నేనే అనేస్తే ఆమెకి ఇబ్బంది ఉండదు. మాటలు కూర్చుకున్నాను. మొదటి మాట తేలికగానే వచ్చింది, రెండోది కూడా, అక్కడే ఉంటాననే దగ్గరికి వచ్చి ఆగాను. మళ్ళీ మొదటినుంచి కూర్చాను. మళ్ళీ అక్కడే. ఆమె భుజం వెచ్చగా ఉంది. ఆ మాటలు అనాలంటే ఆమెని నిద్ర లేపాలి, నిద్ర లేపడం నాకు ఇష్టం లేదు, అదే సాకు, నాకు తెలుసు. మంచి సాకు దొరికినప్పుడు వదులుకునే రకం కాదు నేను. షెడ్డు రేకుల్లో చిల్లులున్నాయి, వాటిలోంచి వెలుతురు పుల్లల్లా దిగి నేల మీద చుక్కలు పెట్టింది. ఒక చుక్క ఆమె మోకాలి మీద పడి మెల్లగా జరుగుతోంది. అది నా మోకాలి మీదికి వచ్చేలోపు అడగాలనుకున్నాను. మబ్బు పట్టింది, చుక్క పోయింది.

చెయ్యి తిరిగి దాని చోటికి వెళ్ళింది. రెండో వైపు కూడా అయింది. లాయరు చక్రాలు ఎక్కించాడు, జాకీలు ఒకటొకటిగా వదిలాడు, బండి నిట్టూర్చినట్టు కిందికి దిగింది. అతను చేతులు గుడ్డకి తుడుచుకుంటూ మా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కోడలు ఉలిక్కిపడి లేచి, నిద్రపోనట్టు ముఖం పెట్టింది.

"అయిపోయిందాండీ?"

"బోల్టులు చేత్తో తిప్పి వదిలాను. గట్టిగా బిగించడం ఇప్పుడు, బరువు మీద. ఒక్క మాట చెప్పండి. ఈ బండిలో రోజూ తిరిగేది ఎంతమంది?"

అతను వివరిస్తున్నాడు, రోజూ ఎంత బరువు పడుతుందో ఆ బరువు మీదే బిగించాలని, అప్పుడు రబ్బరుకి అదే సుఖమైన చోటవుతుందని, ఎప్పుడో వచ్చే చుట్టాలని లెక్కలోకి తీసుకోకూడదని. "ఒక్కరే తిరిగేట్టయితే మీరొక్కరే ఎక్కండి. వేరే మనిషుంటే వాళ్ళూ ఎక్కాలి." నేను నేలవైపు చూశాను. సబ్బునీళ్ళు గచ్చు మీద పారి, ఆరిపోయిన నూనె మరక దగ్గర ఆగాయి. చెప్పడానికి ఆమెకి ఎంతసేపు పట్టిందో, బహుశా ఆవులించినంతసేపు.

"ఇద్దరం" అంది, ఆవులింతలోనే. "నేనూ మా అత్తయ్యా."

అయినా నాకు నమ్మకం చిక్కలేదు. అలవాటుకొద్దీ అని ఉంటుంది, ఇన్నాళ్ళూ ఇద్దరమే కదా తిరిగాం, నిద్రమత్తులో నిన్నటి లెక్క చెప్పి ఉంటుంది. లాయరుకీ నాలాంటి బుద్ధే ఉన్నట్టుంది, సాక్ష్యం సరిపోలేదు అతనికి. "ఇప్పటి సంగతి కాదమ్మా, అక్కడికెళ్ళాక? కొండల ఊళ్ళో కూడా ఇద్దరేనా?"

కోడలు అతనివైపు చూసింది. తర్వాత నావైపు చూసింది. నా ముఖంలో ఏం కనపడిందో, ఆమె నిద్ర పూర్తిగా వదిలిపోయింది. ఎన్నాళ్ళుగా నేను లోపల మడత పెట్టుకున్నదంతా ఆమె ఒక్కసారిగా విప్పి చూసినట్టు, కళ్ళు పెద్దవి చేసింది.

"మరి?" అంది, నాతోనే.

లాయరుకి కావలసిన జవాబు దొరికింది, గోతివైపు నడిచాడు. నేను లేవబోయాను, సీటు నన్ను కుంగిన వైపే లాగింది. ఆమె వచ్చి మోచేతి కింద చెయ్యి వేసి లేపింది. "పెట్టె బండిలో ఎందుకు పెట్టమన్నాననుకున్నారు? లారీవాళ్ళు పోయినసారి మీ పుస్తకాలు వానలో తడిపారని మీరే కదా ఏడ్చారు." గోతి పక్కనుంచి జాగ్రత్తగా నడిపించింది. "తనకి నేను మొన్నే చెప్పాను, ఒక పూట ఉంటాం, చీకటి పడకముందు వెళ్ళిపోతామని. నిజంగా ఉండాలనుంటే చెప్పండి అత్తయ్యా, అది వేరే మాట. మీ అబ్బాయి ఇల్లు." ఆ చివరి మాట దగ్గర ఆమె గొంతు సన్నబడింది. ఇంతకాలం నేనొక్కదాన్నే భయపడుతున్నాననుకున్నాను.

"చీకటి పడితే కొండ దారి మంచిది కాదు" అన్నాను.

ముందు తలుపు తీసి పట్టుకుంది. ఒక కాలు లోపల పెట్టాను, తర్వాత నడుం, తర్వాత రెండో కాలు, అమ్మయ్య అనుకుంటూ. ఆమె అటు తిరిగి వెళ్ళి స్టీరింగు ముందు కూర్చుంది. మా ఇద్దరి బరువుకీ బండి కాస్త కిందికి దిగి ఆగింది. అద్దంలోంచి రేకుల గోడ, దాని మీద వేలాడే బెల్టులు, అంతకుమించి ఏమీ కనపడటం లేదు. మా కాళ్ళ కిందనుంచి గొంతు వచ్చింది.

"కదలకండి పెద్దమ్మగారూ. నేను చెప్పిందాకా అక్కడే ఉండండి."

అంతకన్నా తేలికైన పని నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు. చేతిసంచీ ఒళ్ళో పట్టుకుని, వీపు సీటుకి ఆనించి, కింద పానా ఒక్కో పట్టూ బిగుస్తున్న కరకర వింటూ, చీర కుచ్చిళ్ళు కూడా సర్దుకోకుండా కూర్చున్నాను. కోడలు పక్కకి తిరిగి చాలాసేపు చూసింది నన్ను.

"ఊపిరి తీసుకోవచ్చు అత్తయ్యా" అంది. "దానికేం కాదు."

తీసుకున్నాను.